ప్రకటనలు చూపించే ప్రోగ్రాములకి స్వేచ్ఛా డిస్ట్రోల్లో చోటుండాలా?

ప్యాకేజీపంతులు
నమస్కారం. ఒక చిన్న డిస్ట్రోకి (లినక్స్, దాని మీద నడిచే ప్రోగ్రాములు కలిపి ఇచ్చే మూట) కొన్ని ప్యాకేజీలు, అంటే ఇన్‌స్టాల్‌కి సిద్ధం చేసిన ప్రోగ్రాములు, చూస్తుంటాను. వాటిలో ఒకటి ఫొటోలు సర్దుకునే ప్రోగ్రాం. పేరు చెప్పను, చెబితే చర్చంతా దాని మీదికే పోతుంది. లైసెన్సు జీపీఎల్ 3, అంటే ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు అనేది. కొత్త వెర్షన్‌లో విండో కింద ఒక పట్టీ పెట్టారు, అందులో ప్రకటనలు వస్తాయి. తెరిచిన ప్రతిసారీ వాళ్ల సర్వర్ నుంచి కొత్తది దించుకుంటుంది. ప్రకటనల కోడ్‌తో సహా సోర్స్ మొత్తం బయటే ఉంది. ఆపడానికి సెట్టింగ్ కూడా ఇచ్చారు, కాకపోతే ఇన్‌స్టాల్ చేసేసరికే ఆన్‌లో ఉంటుంది.

మా టీమ్‌లో మాట కలవడం లేదు. ప్యాకేజీనే ఎత్తేద్దామని ఒకరు, ప్యాచ్ వేసి (కోడ్‌లో చిన్న మార్పు చేసి) పట్టీ పీకేద్దామని ఒకరు, లైసెన్సు సరిగ్గానే ఉంది కదా మనకెందుకు అని ఇంకొకరు. పాత వెర్షన్‌తోనే కాలక్షేపం చేద్దామంటే సెక్యూరిటీ సవరణలు కొత్తదానిలోనే వస్తున్నాయి. మీరైతే ఏం చేస్తారు?

లైసెన్సులాయరు
ముందు లైసెన్సు సంగతి తేల్చేద్దాం, అది తేలికది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెప్పే నాలుగు స్వేచ్ఛలు తీసుకోండి: ఏ పనికైనా నడుపుకోవడం, చదివి మార్చుకోవడం, కాపీలు పంచడం, మార్చినదాన్ని పంచడం. ప్రకటనలు ఉండకూడదని వీటిలో ఎక్కడా లేదు. డెబియన్ అనే పెద్ద డిస్ట్రో 1997లో రాసుకున్న మార్గదర్శకాల్లోనూ లేదు. పైగా వాటిలో 6వ అంశం ప్రకారం, వ్యాపారానికి వాడొద్దనే లైసెన్సునే డెబియన్ ఒప్పుకోదు. డబ్బు సంపాదన ఎప్పుడూ నిషేధం కాదు.

మెలిక ఒక్కచోటే ఉంది. ప్రకటన తీసేసే హక్కు లేకపోతే అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే కాదు. జీపీఎల్ 3లో 7వ సెక్షన్ కింద, రచయితల పేర్లు, చట్టపరమైన నోటీసులు అలాగే ఉంచమని అడగొచ్చు. దాన్ని సాగదీసి "మా బ్యానర్ ముట్టుకోవద్దు" అని ఎవరైనా కలిపితే అది అదనపు ఆంక్ష అవుతుంది. అలాంటి ఆంక్షని అందుకున్నవాళ్లు తీసిపారేయొచ్చని ఆ సెక్షనే చెబుతోంది. కాబట్టి పంతులుగారూ, మీరు పట్టీ పీకినా ఉంచినా చట్టం మీ వైపే. చెయ్యాలా వద్దా అన్నది లైసెన్సులో దొరకదు.

టెర్మినల్‌దాసు
ఎత్తేయండి. ఇందులో ఆలోచించేదేముంది?

మనం 2012లో ఒకసారి చూశాం. ఉబుంటు అనే డిస్ట్రో 12.10 వెర్షన్‌లో డాష్ (వెతికే పెట్టె) తెరిచి మన కంప్యూటర్లో ఉన్న ఫైలు పేరు కొడితే, ఆ అక్షరాలు ఉబుంటుని నడిపే కానానికల్ కంపెనీ సర్వర్‌కి వెళ్లి, అక్కణ్ణుంచి అమెజాన్ సరుకులు ఫలితాలుగా వచ్చేవి. డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టిన స్టాల్‌మన్ దాన్ని స్పైవేర్ (గూఢచారి ప్రోగ్రాం) అనే పిలిచాడు. అప్పుడు ఉబుంటు స్థాపకుడు షటిల్‌వర్త్ ఇచ్చిన జవాబు సారాంశం: మీ మెషీన్ మీద రూట్ అధికారం (ఏదైనా మార్చగల అధికారం) మాకు ఇప్పటికే ఉంది, అంత నమ్మినవాళ్లు దీనికి నమ్మరా అని. మొదట్నుంచీ ఆఫ్‌లో ఉంచడానికి 2016లో 16.04 వచ్చేదాకా ఆగాల్సొచ్చింది. మూడున్నరేళ్లు! ఒకసారి లోపలికి రానిస్తే బయటికి పంపడం అంత కష్టం.

సున్నాఒకటి
దాసుగారూ, ఆవేశం సరే. అక్కడ ప్రకటన పెట్టింది డిస్ట్రోయే. ఇక్కడ పెట్టింది ప్రోగ్రాం రాసినవాళ్లు. తేడా లేదంటారా?

నేనొక చిన్న లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్) నిర్వహిస్తాను. దాన్ని వాడే కంపెనీలు పంపే మెయిళ్లలో "ఎప్పుడు సరిచేస్తారు" అని ఉంటుంది తప్ప ఒక్క రూపాయి మాట ఉండదు. విరాళం బటన్ పెట్టి చూశాను, దుమ్ము పట్టింది. 2019 ఆగస్టులో స్టాండర్డ్ అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యాక టెర్మినల్‌లో స్పాన్సర్ ప్రకటన చూపించింది గుర్తుందా? ఊరంతా విరుచుకుపడింది. ఆ ప్రయోగాన్ని ఆపేశారు, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు పంచే ఎన్‌పీఎం అలాంటి ప్రకటనల్ని నిషేధించింది కూడా. ఆ ఏడాది చివర్లో "ఎన్‌పీఎం ఫండ్" అనే కమాండ్ వచ్చింది. మనంతట మనం కొడితే ఎవరికి డబ్బు కావాలో జాబితా చూపిస్తుంది. దాన్ని ఎంతమంది కొడతారు? ఇక్కడున్నవాళ్లలో ఎవరైనా ఒక్కసారైనా కొట్టారా?

టెర్మినల్‌దాసు
కొట్టలేదు. కొట్టనంత మాత్రాన నా స్క్రీన్ అమ్ముకునే హక్కు వస్తుందా?

పాతకాపు
ప్రకటన అనగానే నాకు పాత బీఎస్‌డీ లైసెన్సు గుర్తొస్తుంది. చర్చకి కాస్త పక్కదారే, భరించండి. అందులో నాలుగు షరతులుండేవి. ఆ సాఫ్ట్‌వేర్ ఫీచర్ల గురించి ఏ ప్రకటనలో రాసినా అది బర్క్లీ యూనివర్సిటీలో తయారైందని ఒక వాక్యం చేర్చాలన్నది వాటిలో ఒకటి. ఒక్క వాక్యమే కదా అనిపిస్తుంది. కానీ తర్వాత వచ్చినవాళ్లు ఆ లైసెన్సు కాపీ కొట్టి, బర్క్లీ పేరు తీసి తమ పేర్లు పెట్టుకున్నారు. 1997లో నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఒక వెర్షన్‌లో స్టాల్‌మన్ లెక్కపెడితే అలాంటి వాక్యాలు 75 తేలాయి. చివరికి 1999 జులైలో యూనివర్సిటీయే ఆ షరతు ఎత్తేసింది.

అది తెర మీద ప్రకటన కాదు, తెలుసు. నేను చెప్పేది పోగుపడే లక్షణం గురించి. ప్రోగ్రాం రాసేవాడు తన పట్టీ ఒక్కదాన్నే చూస్తాడు. డిస్ట్రో అంటే వేల ప్రోగ్రాములు ఒకేచోట. ఫొటోల ప్రోగ్రాంకి ఒప్పుకుంటే రేపు టెక్స్ట్ ఎడిటర్‌కి, ఆర్కైవ్ టూల్‌కి కాదనడానికి మీ దగ్గర కారణం ఉండదు. అన్నీ కలిపి యూజరు ముందు ఎలా ఉంటుందో చూడాల్సింది డిస్ట్రోయే, ఇంకెవరూ చూడరు.

రాత్రిపక్షి
పాతకాపుగారి మాటకి ఒకటి కలుపుతాను. ప్రకటనలు అన్నీ ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నాం. ప్యాకేజీ లోపలే ఒక బొమ్మ ఉండి, ఎప్పుడూ అదే కనిపిస్తే అది చిరాకు, అంతే. పంతులుగారి ప్రోగ్రాం అలా కాదు, సర్వర్ నుంచి దించుకుంటోంది. అంటే ఐపీ అడ్రసు, తెరిచిన సమయం, వెర్షన్, బహుశా భాష కూడా వాళ్ల లాగ్‌లో పడతాయి. వాళ్లకి దురుద్దేశం ఉండక్కర్లేదు. ప్రకటనలు ఇచ్చేది మూడో కంపెనీ అయితే వాళ్లకీ వెళ్తాయి.

డెబియన్‌లో లింటియన్ అనే తనిఖీ టూల్ ఉంది. ప్యాకేజీతో వచ్చే డాక్యుమెంటేషన్ పేజీ బయటి సైట్ నుంచి దేన్నైనా దించుకుంటుంటే పట్టుకుని చెబుతుంది. గూగుల్ యాడ్‌సెన్స్‌కి ప్రత్యేకంగా ఒక ట్యాగ్, విరాళాల బటన్లకి ఇంకొకటి, లోగోలకి మరొకటి. ఆ ట్యాగుల పేర్లన్నీ "ప్రైవసీ బ్రీచ్" అనే మొదలవుతాయి. ఆ టూల్ బాధ ప్రకటన ఉందని కాదు, హెల్ప్ పేజీ తెరిచిన సంగతి బయటివాడికి తెలిసిపోతోందని. నాకు ఆ కొలత నచ్చుతుంది. విరాళం అడిగే మంచి బటన్ కూడా దానికి దొరికిపోతుంది చూడండి.

ఇంకో సంగతి. స్టేబుల్ విడుదల అని మనం వెర్షన్లు గడ్డకట్టిస్తాం. కోడ్ చదువుతాం, పరీక్షిస్తాం, తర్వాత సెక్యూరిటీ సవరణలు తప్ప మార్చం. ప్రకటన మాత్రం పూటపూటకీ మారుతుంది. దాన్ని మనలో ఎవరూ చూసి ఉండరు. అది ఒక వెబ్ ఇంజన్‌లో (వెబ్ పేజీలు చూపించే భాగంలో) నడుస్తుంటే, ఆ ఇంజన్ నడుస్తున్నది యూజరు ఫొటోల ఫోల్డర్ మొత్తం చదవగలిగే ప్రోగ్రాం లోపల. నాకైతే ఇదే అన్నిటికంటే టెన్షన్.

ప్యాకేజీపంతులు
రాత్రిపక్షిగారూ, చూశాను. వెబ్ ఇంజనే. శాండ్‌బాక్స్ (దాన్ని మిగతా ప్రోగ్రాం నుంచి విడదీసే గోడ) లేదు.

రాత్రిపక్షి
అయితే ఇది బగ్ రిపోర్టు. ప్రకటనల వాదన పక్కన పెట్టి ముందు అది రాయండి.

కొత్తగావచ్చా
తప్పుగా అనుకోకండి, తెలియక అడుగుతున్నా. ఫైర్‌ఫాక్స్‌లో కొత్త ట్యాబ్ తెరిస్తే స్పాన్సర్డ్ అని రాసి కొన్ని లింకులు కనిపిస్తాయి కదా. అది దాదాపు ప్రతి డిస్ట్రోలోనూ ముందే ఇన్‌స్టాల్ అయి వస్తుంది. దానికి లేని అడ్డు ఈ ఫొటోల ప్రోగ్రాంకి ఎందుకు?

సున్నాఒకటి
శభాష్. ఈ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పినవాళ్లని నేనింతవరకు చూడలేదు.

పాతకాపు
సూటిగానే చెబుతాను: అది ఫైర్‌ఫాక్స్ కాబట్టి. అది లేకపోతే డెస్క్‌టాప్‌కి చెప్పుకోదగ్గ బ్రౌజర్ మిగలదన్న భయం. ప్రకటనల విషయంలో ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా ఒకచోట నిలవలేదు. 2014లో కొత్త ట్యాబ్‌లో స్పాన్సర్డ్ టైల్స్ తెచ్చారు, 2015 డిసెంబర్‌లో మానేస్తున్నామన్నారు. 2018లో పాకెట్ పేరుతో స్పాన్సర్డ్ కథనాలు. 2021లో అడ్రస్ బార్‌లోనే స్పాన్సర్డ్ సూచనలు. 2024లో ఏకంగా అనోనిమ్ అనే ప్రకటనల కంపెనీని కొనుక్కున్నారు. ఇంతా చేసి, వాళ్ల ఆదాయంలో సింహభాగం గూగుల్‌ని డిఫాల్ట్ సెర్చ్‌గా పెట్టినందుకు వచ్చేదే. అది ప్రకటన కిందికి రాదా అని అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు.

అందరూ ఊరుకున్నారని కూడా కాదు. స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ ప్రాజెక్టు వాళ్లకి ఐస్‌క్యాట్ ఉంది, ట్రిస్కెల్ అనే డిస్ట్రోలో అబ్రౌజర్ ఉంది, రెండూ ఫైర్‌ఫాక్స్‌ని మార్చి చేసినవే. వాటికి ముఖ్య కారణం మాత్రం ప్రకటనలు కావు. మొజిల్లా ట్రేడ్‌మార్క్ షరతులు, స్వేచ్ఛ లేని యాడ్-ఆన్లని కూడా చూపించే యాడ్-ఆన్ల సైట్.

లైసెన్సులాయరు
ఆ చివరి ముక్క ముఖ్యం. గ్నూ వాళ్లు పూర్తి స్వేచ్ఛా డిస్ట్రోలకి రాసిన మార్గదర్శకాలు ఉన్నాయి. డిస్ట్రో ఏదీ యూజర్లని స్వేచ్ఛ లేని సాఫ్ట్‌వేర్ వైపు నడిపించకూడదని, స్పైవేర్ ఉండకూడదని వాటిలో ఉంది. సర్వర్ నుంచి వచ్చే ప్రకటనలో రేపు ఏ సాఫ్ట్‌వేర్ గురించి వస్తుందో ఎవరు హామీ ఇస్తారు? ఆ కొలతతో చూస్తే పంతులుగారి ప్రోగ్రాం ట్రిస్కెల్, పారబోలా లాంటి వాటిలోకి ఉన్నదున్నట్టు వెళ్లడం కష్టం. డెబియన్‌లోకి మాత్రం నిక్షేపంగా వెళ్తుంది. రెండూ స్వేచ్ఛా డిస్ట్రోలమనే చెప్పుకుంటాయి. అందుకే "స్వేచ్ఛా డిస్ట్రోల్లో ఉండొచ్చా" అన్న మీ శీర్షికకి ఒకే జవాబు రాదు.

గోడమీదపిల్లి
నాకు ఎఫ్-డ్రాయిడ్ (ఆండ్రాయిడ్‌కి స్వేచ్ఛా యాప్‌ల స్టోర్) పద్ధతి నచ్చుతుంది. యాప్‌ని ఆపరు, పేజీలో యాంటీ-ఫీచర్ అని గుర్తు పెడతారు. ప్రకటనలుంటే ఒక గుర్తు, యూజర్ని వెంటాడితే ఒకటి, స్వేచ్ఛ లేని నెట్ సర్వీసు మీద ఆధారపడితే ఒకటి. కావాలంటే ఫిల్టర్ పెట్టుకోవచ్చు. పెద్దవాళ్లకి సమాచారం ఇచ్చి వదిలేయడమే మర్యాద. మన ప్యాకేజీ మేనేజర్లలో అలాంటి గుర్తు ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

టెర్మినల్‌దాసు
గుర్తు ఎవరు చదువుతారండీ? ఫోన్‌లో యాప్ ఒక్కొక్కటే పేజీ చూసి పెట్టుకుంటారు. డిస్ట్రోలో ఒక మెటా ప్యాకేజీ పెడితే దాని వెనక రెండొందలు వస్తాయి. ఎంటర్ కొట్టేముందు ఆ జాబితా చదివేవాళ్లు నాకు ఎక్కడా తగల్లేదు.

మీరంతా సర్వర్, లాగ్ అంటున్నారు గానీ లాగ్ లేకపోయినా నాకు అభ్యంతరమే. 2022 చివర్లో ఉబుంటులో అప్‌డేట్లు తెచ్చే ఆప్ట్ అప్‌గ్రేడ్ కమాండ్ కొడితే ఉబుంటు ప్రో అనే చందా తీసుకోమని ఒక లైన్ రావడం మొదలైంది. వ్యక్తిగత వాడకానికి అయిదు మెషీన్ల దాకా ఉచితమే. అయినా ఎంత గోల అయిందో చూశాంగా. సర్వర్ సరిచేయడానికి కూర్చున్నవాడికి ఆ లైన్ అడ్డం. నా పనిముట్టు నాతో బేరం మొదలుపెట్టిందంటే అది నా పక్షం కాదు.

సున్నాఒకటి
> నా పనిముట్టు నాతో బేరం మొదలుపెట్టిందంటే

మరి కేడీఈ సంగతి? వాళ్ల డెస్క్‌టాప్ ప్లాస్మా 6.2 నుంచి, అంటే 2024 నుంచి, ఏడాదికి ఒకసారి డిసెంబర్‌లో విరాళం అడిగే నోటిఫికేషన్ వస్తుంది. ఏడాదికి ఒక్కసారి! అదీ బేరమేనా? దాన్నీ ప్యాచ్ వేసి తీసేయాలా? తీసేస్తే రాసినవాళ్ల నోటి దగ్గర కూడు లాగేసినట్టే.

టెర్మినల్‌దాసు
...అది వేరు.

సున్నాఒకటి
ఎలా వేరో చెప్పండి, అదే అడుగుతున్నా.

రాత్రిపక్షి
నేను చెప్పనా? అడుగుతున్నవాళ్లు రాసినవాళ్లే, అడుగుతున్నది తమ కోసమే. ఏమీ దించుకోదు, నొక్కితే తప్ప బయటికి పోదు. మూసేస్తే ఏడాది దాకా రాదు. ప్రకటనలో మన చూపుని మూడోవాడికి అమ్ముతున్నారు. ఆ మూడోవాడికి ఈ ప్రోగ్రాంతో గానీ మనతో గానీ ఏ సంబంధమూ లేదు. నేను విరాళం అడగడాన్ని ఉంచుతాను, అద్దెకిచ్చిన పట్టీని మూసి ఉంచుతాను. మధ్యలో కొన్ని నలుగుతాయని తెలుసు.

గోడమీదపిల్లి
ప్యాచ్ వేయడం అంటున్నారు గానీ అది అంత అమాయకమైన పని కాదు. 2016లో ఎక్స్‌స్క్రీన్‌సేవర్ సంగతి చూడండి. వెర్షన్ బాగా పాతబడితే "ఇది చాలా పాతది, కొత్తది తెచ్చుకోండి" అని హెచ్చరిక చూపించేలా రచయిత కోడ్ పెట్టాడు. డెబియన్ స్టేబుల్‌లో పాత వెర్షన్లే ఉంటాయి కాబట్టి అందరికీ అది కనిపించింది. ప్యాచ్ వేసి తీసేద్దామని చర్చ వస్తే, అంతకంటే అసలు నా ప్రోగ్రామే ఇవ్వకండి అన్నాడాయన. లైసెన్సు ప్రకారం తీసేసే హక్కు ఉంది. కానీ పాత వెర్షన్ బగ్గులన్నీ మెయిళ్లుగా వెళ్లేది ఆయనకే. రాసినవాడితో గొడవ పెట్టుకుని ప్యాకేజీ నడపడం కష్టం.

ఇంకొకటి, పేరు. 2006 నుంచి పదేళ్లు డెబియన్‌లో ఫైర్‌ఫాక్స్ పేరు ఐస్‌వీసెల్. మార్పులు చేసినదాన్ని అనుమతి లేకుండా ఆ పేరుతో ఇవ్వొద్దని మొజిల్లా అనడం వల్లే. పంతులుగారి ప్రోగ్రాం పేరుకి ట్రేడ్‌మార్క్ ఉందేమో చూసుకోండి.

ప్యాకేజీపంతులు
ట్రేడ్‌మార్క్ లేదు. అప్‌స్ట్రీమ్‌కి, అంటే ప్రోగ్రాం రాసేవాళ్లకి, రాశాను కూడా. జవాబు మర్యాదగానే వచ్చింది: "పట్టీ తీసేయడం మీ హక్కు. కానీ మా సర్వర్ ఖర్చు దాంతోనే గడుస్తోంది. ప్రకటన ఐడీ మార్చి మీ ఖాతా పెట్టుకోరని మాత్రం ఆశిస్తున్నాం." ఆ చివరి వాక్యం ఎందుకు రాశారో అర్థం కాలేదు.

పాతకాపు
చేసినవాళ్లున్నారు కాబట్టి. బాన్షీ అనే మ్యూజిక్ ప్లేయర్‌లో అమెజాన్ ఎంపీ3 దుకాణం ఉండేది. కొనుగోళ్ల మీద వచ్చే కమీషన్ మొత్తం గ్నోమ్ డెస్క్‌టాప్‌ని చూసే గ్నోమ్ ఫౌండేషన్‌కి వెళ్లేలా రాసినవాళ్లు పెట్టారు. 2011లో ఉబుంటు దాన్ని డిఫాల్ట్ ప్లేయర్‌గా తీసుకుంటూ, అందులో 75 శాతం కానానికల్‌కి, 25 శాతం గ్నోమ్‌కి అని మార్చింది. లైసెన్సు ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఆ రోజుల్లో జరిగిన రచ్చ ఇంతా అంతా కాదు. ప్రకటన తీసేస్తే రచయితకి రావాల్సింది రాలేదంటారు. ఉంచి దారి మళ్లిస్తే దొంగతనమంటారు. నా మటుకు మొదటిదే నయం.

కొత్తగావచ్చా
ఇంకో ప్రశ్న. రాసినవాళ్లు ప్రకటనలు పెంచుకుంటూ పోతే?

గోడమీదపిల్లి
అప్పుడు ఫోర్క్, అంటే కోడ్ కాపీ తీసుకుని వేరుగా నడపడం. 2023 చివర్లో ఆండ్రాయిడ్‌లో సింపుల్ మొబైల్ టూల్స్ అనే యాప్‌ల కుటుంబాన్ని ఒక కంపెనీకి అమ్మేశారు. కొన్న కంపెనీ తీరు తెలిసినవాళ్లు ప్రకటనలు, ట్రాకింగ్ ఖాయమనుకున్నారు. వెంటనే ఫాసిఫై పేరుతో ఫోర్క్ వచ్చింది, ఇప్పుడు చాలామంది అదే వాడుతున్నారు. అందరికీ అంత అదృష్టం పట్టదు. ఫోర్క్ మొదలుపెట్టేవాళ్లు నలుగురుంటారు, రెండేళ్ల తర్వాత బగ్గులు చూసేవాళ్లు కనపడరు.

సున్నాఒకటి
ఆ కనపడకపోవడానికి కారణం డబ్బు లేకపోవడమేనని మళ్లీ చెబుతున్నా. మీకు విసుగొచ్చినా సరే.

రాత్రిపక్షి
ఆ మాట నిజం. కానీ ఆ బిల్లు ఫొటోలు చూసుకునే యూజరు ఐపీ అడ్రసుతో కట్టాలా? పంతులుగారూ, తేల్చారా?

ప్యాకేజీపంతులు
తేల్చాం, పూర్తిగా ఏకాభిప్రాయం కాదు. ప్యాకేజీ ఉంటుంది. పట్టీ కోడ్ తీసేయడం లేదు, డిఫాల్ట్ మాత్రం ఆఫ్‌కి మార్చాం, ఒక్క లైన్ ప్యాచ్. మొదటిసారి తెరిచినప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంది: "ప్రకటనలు చూపిస్తే ఈ ప్రోగ్రాం రాసేవాళ్లకి ఆదాయం వస్తుంది, మీ ఐపీ అడ్రసు వాళ్ల సర్వర్‌కి వెళ్తుంది. ఆన్ చేయాలా?" కింద వాళ్ల విరాళాల పేజీ లింకు. ప్యాకేజీ వివరణలోనూ ఇదే రాశాం. శాండ్‌బాక్స్ గురించి బగ్ పెట్టాను, అప్‌స్ట్రీమ్ ఒప్పుకున్నారు.

ఎత్తేయమన్న మా సభ్యుడు ఇంకా అలిగే ఉన్నాడు.

టెర్మినల్‌దాసు
ఆయన నంబర్ ఉంటే ఇవ్వండి, ఇద్దరం కలిసి అలుగుతాం.

సరే, ఒకటి చూసుకోండి. ఇప్పటికే అప్‌స్ట్రీమ్ సైట్ నుంచి నేరుగా దించుకున్నవాళ్ల హోమ్ డైరెక్టరీలో పాత సెట్టింగ్ ఫైల్ ఉంటుంది, అందులో ప్రకటనలు ఆన్ అని రాసి ఉంటుంది. వాళ్లు మీ ప్యాకేజీకి మారితే డిఫాల్ట్ పనిచేయదు, ప్రశ్న కూడా రాదు.

ప్యాకేజీపంతులు
అది ఆలోచించలేదు. హోమ్ డైరెక్టరీలో ఫైళ్లని ప్యాకేజీ ముట్టుకోకూడదన్నది మా నియమం. అంటే ప్రోగ్రామే తెరిచినప్పుడు చూసుకోవాలి.

రాత్రిపక్షి
సెట్టింగ్‌కి కొత్త పేరు పెట్టండి. పాతది ఆన్‌లో ఉన్నా పట్టించుకోదు, ప్రశ్న అందరికీ ఒకసారి వస్తుంది. తెలిసే ఆన్ చేసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇంకోసారి నొక్కుతారు. ప్యాచ్ ఒక్క లైన్ కాస్తా అయిదారు లైన్లవుతుంది, అంతే.